యానాము చుట్టునున్న వర్తకపు కోఠీలు

మా యానాము పరాసువారి పట్టణమని లోకమెరుగును. 1723లో వారిచ్చట వర్తకస్థానమును నెలకొల్పి, లాభము గానక 1727లో విడిచి, తిరిగి 1731లో వచ్చిరి. 1954లో విడిచి పోయిరి. కాని ఈ గోదావరి పాయల యొడ్డున కోఠీలు వారివి మాత్రమే కావు. పొరుగున నీలపల్లిలోను, ఇంజరములోను ఆంగ్లేయులు. కాకినాడ చెంత జగన్నాథపురములోను, పాలకొల్లులోను వలందులు. ఇందరు సముద్రములు దాటి వచ్చినది మన మగ్గముల కొరకే. నరసాపురపు మాధవాయపాలెము పేరు మడపొల్లాము అను బట్టకు పేరై సీమ నిఘంటువుల కెక్కినది.

పోయిన మాఘమున మేము నీలపల్లి, ఇంజరము చూచి వచ్చితిమి. కోఠీని ఆంగ్లమున ఫ్యాక్టరీ యందురు గనుక అచ్చట పొగగొట్టము లుండునని వెంటవచ్చిన మనుమడు తలంచెను. అది యంత్రశాల కాదు, కంపెనీ ప్రతినిధి కాపురమును, బట్టల గిడ్డంగియు. గిడ్డంగికంటె ముఖ్యమైనది అందలి పద్దుల పుస్తకము. ముప్పదియేండ్లు పద్దులు వ్రాసి విశ్రాంతి గైకొన్నవారము గనుక మా చూపు అటే పోయినది. కంపెనీవారు నేతగానికి ముందుగా బయానా ఇచ్చెడివారు. బాకీ తీరువరకు అతడు మరియొకరికి బట్ట నమ్మరాదు. నేత తక్కువైనదని తిప్పిపంపినచో బాకీ అట్లే నిలుచును. బాకీ నిలిచినంతకాలము మగ్గము కంపెనీదే!

ఇది మన దేశపు ముచ్చట మాత్రమే కాదు. అమెరికాలో చెరోకీ జాతివారితో వర్తకమునకై ఆ ప్రభుత్వము 1795లో టెల్లికోయందు తెరచిన అంగడికిని ఫ్యాక్టరీ యనియే పేరు. వారు జింకచర్మములు తెచ్చి బట్టలు కొనిపోయెడివారు. అట్టి అంగళ్ళలో ఆ జాతుల పెద్దలు అప్పులపాలగుట మేలనియు, అప్పు పెరిగిన భూములిచ్చి తీర్తురనియు అధ్యక్షుడు జెఫర్సను 1803లో ఒక జాబున వ్రాసెను. 1838లో చెరోకీలను వారి నేలనుండి సైనికులు వెడలగొట్టిరి. మన నేతగాని ఇల్లు పోలేదు, పోయినది బేరము. 1833 శాసనముతో కంపెనీ వర్తకమే ముగిసినది, మరమగ్గపు బట్ట సీమనుండి దిగినది. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును ముంచినది.

దొరల పేర్లు గ్రంథములలో దొరకును. నేతగాండ్ర పేర్లు ఉన్నచో పద్దులలోనే యుండవలెను. చెన్నపట్నపు కంపెనీ ప్రభుత్వపు పాతకాగితములు ఎగ్మూరులో భద్రముగా నున్నవి. మోకాళ్ళు సహకరించినచో ఈ కార్తికము వెళ్ళినపిమ్మట పోయి చూడవలెనని యున్నది. మనుమడు తోడు వత్తునన్నాడు.