మేడమీది టేకు బల్ల

చెన్నపట్నంలో మా మామగారినాటి యిల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టినపుడు, మేము అడిగి తెచ్చుకున్నది వసారాలోని బర్మాటేకు దూలం ఒక్కటే. దానిని కోయించి మేడమీదికి ఒక బల్ల, రెండు కుర్చీలు చేయించాము. ఉయ్యాల కొక్కెం వుండిన కంతను పూడ్చేస్తానన్నాడు వడ్రంగి; మా అత్తగారు వద్దన్నారు. అది అలాగే వుంది.

అడితిలో కొత్త టేకు కొనేవారు రంగు చూసి మురిసిపోరాదు. చెదకు లొంగనిది చేవ మాత్రమే. అంచున తెల్లగా వుండే చెక్కకు ఆ సత్తువ లేదు. రంగు పూసి చేవలో కలిపేసే ఘనులూ వున్నారు! మేకులు ఇత్తడివైతే తుప్పు మరకలుండవు.

ఏడాది తిరక్కముందే బల్ల బూడిదరంగు తేలింది. వచ్చిన చుట్టమల్లా "వార్నీషు కొట్టించరాదా?" అనడమే. ఆరుబయట వార్నీషు యెండకు పెచ్చులు లేస్తుంది, ఆ సందులలో వాననీరు చేరుతుంది. బూడిదరంగు పైపైదే, లోపలి చెక్కకు చేటు లేదు. అక్టోబరు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో చెక్క చారల వెంబడి రుద్ది కడుగుతాము. కాళ్ళు నీళ్ళలో నానకుండా కింద రాతిబిళ్ళలు పెట్టాము. నూనె పట్టించమనేవారూ వున్నారు. సముద్రపుగాలి తేమకు ఆ నూనె మీద బూజు పడుతుంది. ఆ జోలికి మేము పోలేదు.