మారాం చేసే బిడ్డ ముందు మనమెలా ఉండాలి?

పసిపిల్లలున్న ఇంట్లో మారాం తప్పదు. అడిగింది ఇవ్వలేదని నేలమీద పడి దొర్లడం, చేతిలోది విసిరికొట్టడం, ఊరంతా వినబడేలా ఏడ్వడం ఏడాదిన్నర మొదలు నాలుగేళ్ల వరకు ఎక్కువగా ఉంటుంది. మా వైపు దీన్ని జిద్దు అంటారు. ఆ సమయాన బిడ్డ ఎలా ఉన్నాడనేదానికంటే తల్లిదండ్రులు ఎలా ఉన్నారనేదే ముఖ్యమని నేను మా పొరుగింట చూసి నేర్చుకొన్నాను.

మేముండేది సికింద్రాబాదు దగ్గర మల్కాజ్‌గిరిలో. మౌలా అలీ పేరిట దర్గా ఉన్న మౌలాలి గుట్ట మాకు దగ్గరే. ఆదివారం చర్చి గంట, దినమూ అజాన్ రెండూ మా గల్లీలో వినబడతాయి. మా పక్కింట్లో ఒక ముసల్మాను పెద్దావిడ ఉన్నారు. మేమంతా ఖాలా అని పిలుస్తాం. కూతురు ఉద్యోగానికి వెళ్తే మూడేళ్ల మనవణ్ణి ఆవిడే చూసుకొంటారు.

ఒక సాయంత్రం ఆ పిల్లవాడు కిరాణా దుకాణం ముందు బొమ్మ కారు కోసం నేలమీద పడి కేకలు పెట్టాడు. చూసేవాళ్లు "రెండు తగిలించండి ఖాలా" అన్నారు. ఆవిడ కొట్టలేదు, కారూ కొనలేదు. వాడి పక్కనే మెట్టుమీద కూర్చొని, "ఈరోజు కారు లేదు బేటా. ఏడుపు అయ్యాక ఇంటికి పోదాం" అని ఒక్కసారి చెప్పి ఊరుకొన్నారు. కొంతసేపటికి వాడే వెక్కుతూ వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టాడు.

ఇంత ఓపిక ఎక్కడిదని అడిగాను. "సబర్ చేయమని మా మతం చెప్తుందమ్మా" అన్నారు. సబర్ అంటే ఓర్పు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసులలో ఉందట. ఆవిడ మెట్టుమీద కూర్చోవడం అందుకేనని అప్పుడు తెలిసింది. నమాజులో ప్రవక్త సజ్దా చేసి ఉండగా మనవడు వీపుమీదికి ఎక్కితే, బిడ్డ సరదా తీరేవరకు ఆయన తల ఎత్తలేదట. నమాజు వేళ పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు కష్టపడుతుందని ప్రార్థనను త్వరగా ముగించేవారట.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఒక తల్లి ఏదో ఇస్తానని చెప్పి బిడ్డను పిలిచింది. ఏమిస్తావని ప్రవక్త అడిగితే ఖర్జూరం అని చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా లెక్కకు వచ్చేదని ఆయన ఆమెకు చెప్పారట. మన ఇండ్లలో ఏడుపు మాన్పడానికి ఎన్ని మాటలు చెప్తాం! "ఊరుకో, అంగడి నుండి మిఠాయి తెస్తా", "బూచోడు వస్తాడు", "పోలీసుకు పట్టిస్తా". ఏడుపు ఆ పూటకు ఆగుతుంది. మన మాటమీద బిడ్డకున్న నమ్మకం కూడా దానితోపాటే పోతుంది.

ఖాలా విశ్వాసం వేరు, నా విశ్వాసం వేరు. అయినా ఈ ఓర్పు మన గ్రంథానికి పరాయిది కాదు. పిల్లలను తెచ్చినవారిని శిష్యులు గద్దిస్తే, ప్రభువు ఆ పిల్లలను దగ్గరకు తీసుకొని దీవించాడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు తండ్రులను ప్రత్యేకంగా హెచ్చరించాడు. సామెతల గ్రంథంలో బెత్తం మాట ఉందిగదా అని కొందరు అడుగుతారు. అది బిడ్డను సరిదిద్దడం గురించిన మాట. పొలం నుండి అలసి వచ్చి, దినమంతా పడిన చిరాకును రెండేళ్ల బిడ్డ వీపుమీద దించుకొని దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టలేము. బలమున్నవాడు కొట్టవచ్చునని మాత్రమే ఆ బిడ్డ నేర్చుకొంటాడు.

మారాముకు కారణం చాలాసార్లు చిన్నదే. అమెరికాలో ఫ్లోరెన్స్ గుడినఫ్ అనే పరిశోధకురాలు పిల్లల కోపాన్ని గురించి తల్లిదండ్రులచేత ఇంట్లోనే వివరాలు వ్రాయించి, 1931లో గ్రంథం ప్రచురించారు. భోజనానికి ముందు, అలసిపోయినప్పుడు, ఒంట్లో బాగులేనప్పుడు కోపం ఎక్కువని అందులో తేలింది. కాబట్టి అంగడికో జాతరకో తీసుకొనిపోయే ముందు బిడ్డకు కడుపునిండా పెట్టండి. నిద్రవేళ తప్పనివ్వకండి. మాటలు పూర్తిగా రాని బిడ్డకు ఏడుపే భాష అని గుర్తుంచుకోండి.

తలను నేలకు కొట్టుకొంటే మెల్లగా పక్కకు తీయండి. రాయి విసరబోతే చేయి పట్టుకోండి. కాదన్నది కాదనే ఉండాలి. తల్లి వద్దన్నది నాయనమ్మ చాటుగా ఇస్తే, ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ తెలుసుకొంటాడు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. ఏడుపు తగ్గాక ఎత్తిపొడవకుండా దగ్గరకు తీసుకోండి. ఊపిరి బిగబట్టి నీలంగా మారినా, ఐదేళ్లు దాటినా రోజూ ఇలాగే ఉన్నా వైద్యునికి చూపించండి.

మా చిన్నపాప విషయంలో నేనూ ఇదే పాటించాను. ఒక్కరోజులో మార్పు రాలేదు, నెలలు పట్టింది. ఇప్పుడు కోపం వస్తే పాపే వచ్చి నా పక్కన కూర్చొంటుంది. నోటితో చెప్పిన ఓర్పు పిల్లలకు అంటదు, మనలో చూసిన ఓర్పే అంటుంది. అట్టి ఓర్పును ప్రభువు ప్రతి తల్లికి, ప్రతి తండ్రికి అనుగ్రహించును గాక.