నకలులో ఉన్నది పాఠమా, చిరునామాయా?



తెలుగు రాష్ట్రాల వెలుపలి బడులలో ఒకరు సిద్ధపరచిన పాఠమే మరొకరికి ఆధారమవుతుంది. కనుక నకలు సరిగా చేరడం ముఖ్యం.

లైనక్స్‌లో ఒకే పాఠాన్ని ఆరవ, ఏడవ తరగతుల ఫోల్డర్లలో చూపడానికి సింబాలిక్ లింకు ఉపకరిస్తుంది. అది పాఠం కాదు. పాఠమున్న చోటును తెలిపే చిరునామా మాత్రమే.

దీనిని పరీక్షించి చూశాను. పూర్తి మార్గంతో కూడిన లింకు గల ఫోల్డరును 'సీపీ' ఆదేశానికి చిన్న 'ఆర్' చేర్చి నకలు తీశాను. లింకు లింకుగానే వచ్చింది. తెరిస్తే పాఠం కనిపించింది. అసలు పాఠం పేరు మార్చగానే అదే లింకు తెరుచుకోలేదు. పేరును యథాతథం చేసి, 'ఆర్'తో పాటు పెద్ద 'ఎల్' కూడా చేర్చాను. ఈసారి పాఠమే వచ్చింది. అసలు పేరు మార్చినా నకలు చక్కగా తెరుచుకొన్నది.

పొరుగు బడికి పాఠాలు పంపేటప్పుడు ఈ రెండవ పద్ధతినే పాటించండి. మన యంత్రంలో తెరుచుకొన్నదని తృప్తిపడవద్దు. అసలు పాఠం అక్కడే ఉన్నది గదా! వేరొక యంత్రంలో తెరిచి చూడండి. పొరుగూరి విద్యార్థికి మన యంత్రపు చిరునామాతో పనిలేదు. అతనికి కావలసినది పాఠం.