మొక్కల వైద్యము – మా చిట్టాపుస్తకము

మనుష్యునకు నలత కలిగినచో వైద్యుని కడకేగి తన బాధను విన్నవించుకొనును. పశువు కూడ అరచియో, మేత మానియో తన బాధను దెలుపును. మొక్కకు నోరు లేదు. వాడుట, పసుపుబారుట, ఆకు రాల్చుట – ఈ కొలది గుర్తులతోడనే అది అనేక రోగములను దెలుపవలసియున్నది. ఒకే గుర్తు రెండు విరుద్ధకారణములవలన గలుగుటయు కలదు. నీరు చాలకున్నను ఆకులు వాడును. నీరు మించి వేళ్లు కుళ్లినను వాడును. కావున నేటి ఆకును మాత్రము చూచి చికిత్స నిర్ణయింపరాదు. నిన్నటి సంగతియు, మొన్నటి సంగతియు వ్రాసియుంచుకొన్నవారికే దారి కానవచ్చును.

మా పాఠశాల వసారాలో 18 పూలకుండీలు గలవు. వాని పోషణ మా వంతునకు వచ్చినది మొదలు ఒక చిట్టాపుస్తకమును గోడమేకునకు వ్రేలాడదీసితిమి. ప్రతి కుండీకి ఒక సంఖ్యయు, రెండు పుటలును ఏర్పరచితిమి. ఎడమపుటలో తేదీ, మట్టి తడి, ఎండ తగులు వేళ, నీరు పోసినవారి పేరు. కుడిపుటలో కనబడిన గుర్తు, ఊహించిన కారణము, చేసిన చికిత్స, వారము దినములకు గలిగిన ఫలము. ఏ ఆకులు పసుపుబారినవో వ్రాయుట ముఖ్యము. నత్రజని కొఱత యైనచో క్రింది ముదురాకులు ముందుగా పసుపుబారును. ఇనుము కొఱత యైనచో లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. చికిత్సయు ఒకసారికి ఒకటియే చేయవలెను. నీరు తగ్గించి, ఎరువు వేసి, చోటు మార్చి – మూడును ఒక్కనాడే చేసినచో, మొక్క కోలుకొన్నను ఏది పనిచేసెనో తెలియదు.

గడచిన వర్షకాలమున 7వ కుండీలోని క్రోటను తలవాల్చెను. తోటమాలి నీరు పోయుట లేదని పలువురు నిందించిరి. పైవారికి ఫిర్యాదు చేయవలెనని కూడ కొందరనిరి. పుస్తకము తెరచి చూడగా, 9 దినములలో 14 మార్లు నీరు పోసినట్లున్నది. అందు తోటమాలి పేరు మూడుమార్లే. తక్కినవి వేర్వేరు తరగతులవారివి. మొక్కపై ప్రేమచే ఎవరికివారే పోసిరి. "మట్టి తడి" అను గడిలో ప్రతిదినమును "మిక్కుటము" అనియే యున్నది. మొక్కను పెరికి చూడగా వేళ్లు గోధుమరంగు దిరిగి, మెత్తబడి, కంపుగొట్టుచుండెను. కుండీ అడుగురంధ్రము పూడియుండెను. కుళ్లిన వేళ్లను కోసి, ఇసుక కలిపిన క్రొత్తమట్టిలో నాటితిమి. మూడు వారములకు చిగురు వచ్చెను.

తోటమాలికి చదువు రాదు. ఆ పుటను ఆయనకు చదివి వినిపించితిమి. నాటినుండి ప్రతి ఉదయమును వచ్చి, తాను చూచినది చెప్పి వ్రాయించుచున్నాడు. మందారపై చీమలబారును ముందుగా గుర్తించినవాడు ఆయనయే. ఆకుల వెనుక పిండినల్లి యుండెను. అది స్రవించు తీయని జిగురుకొఱకు చీమలు దానిని కాపాడును. లీటరు నీటిలో చెమ్చాడు సబ్బుద్రవము కలిపి, మొదట ఒక ఆకుపై పరీక్షించి, పిదప మొక్కయంతయు కడిగితిమి. గ్రుడ్లనుండి క్రొత్తపురుగులు వచ్చును గనుక వారమువారము మరల కడిగితిమి. నాలుగవ వారమున పురుగు కానరాలేదు.

12వ కుండీలోని గులాబీ మాత్రము బ్రదుకలేదు. ఆ పుటను చింపలేదు. పనికిరాని చికిత్స యేదో తెలియుటయు లాభమే.

వ్రాసియుంచినది వ్రాసినవానికంటె ఎక్కువకాలము నిలుచును. మన సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశీలించిన విలియం రాక్స్‌బరో దొర 1815లో మరణించెను. ఆయన వ్రాతప్రతిని, 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన మిషనరీ విలియం కేరీగారు శ్రీరాంపురమున అచ్చువేయించిరి. 1832లో అది మూడు సంపుటములుగా వెలువడెను. మన దేశపు మొక్కలనుగూర్చి తెలిసికొనగోరువారు నేటికిని దానిని చూచుచుందురు.

మా పుస్తకము అంతటిది కాదు. అయినను వచ్చు సంవత్సరము ఈ కుండీలను పోషింపబోవు తమ్ములకును, చెల్లెండ్రకును దానిని అప్పగించుచున్నాము. చూచినదే వ్రాయుడు, కారణము తెలియనిచో "తెలియదు" అని వ్రాయుడు, ఒకరిని నిందింపకమునుపు ఎడమపుటను ఒకసారి చదువుడు.