పైమెరుగు వెల

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఒక పాత మోటారు సైకిలును అమ్మదలచిన నాకు ఆ సామెతలోని మొదటి సగం రెండు విధాలా వర్తించింది. అడిగే నాథుడు లేకపోవడం ఒకటి. అమ్మజూపిన చోటు బస్తర్ కావడం వల్ల చుట్టూ ఉన్నది నిజంగానే సాలవృక్షాల అడవి కావడం మరొకటి. వస్తువు ఎంత సామాన్యమైనదైనా దాన్ని అమ్మడానికి పూనుకొన్నవాడు రెండు ప్రశ్నలను తప్పించుకోలేడు. దీని విలువ ఎందులో ఉంది? ఆ విలువలోని లోటును ఎదుటివాడికి ఎంతవరకు చెప్పాలి? 2022లో ఈ ప్రశ్నలు నా ముంగిట్లోకి వచ్చి నిలబడ్డాయి.

ఆ బండి పేరు కరిజ్మా. హీరో హోండా సంస్థ దాన్ని 2003లో విడుదల చేసింది. అప్పటికి మన దేశంలో సామాన్య గృహస్థు మోటారు సైకిలును లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్న ఒక్క లెక్కతోనే తూచేవాడు. 223 సి.సి. ఇంజను, సుమారు పదిహేడు అశ్వశక్తి, గాలిని చీల్చుకుపోయే ముందు కవచం, పెద్ద టాంకు కలిగిన ఈ బండి వేగాన్నీ దూరాన్నీ ఒకే చట్రంలో ఇమిడ్చే ప్రయత్నం. తరువాత ఆ రెండు సంస్థలు విడిపోయాయి. 2023లో అదే పేరుతో మరొక యంత్రం వచ్చింది గాని దానికీ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ.

దూరం అన్న మాటకు బస్తర్‌లో ఉన్న అర్థం వేరు. 1998లో విభజన జరగక ముందు ఈ ఒక్క జిల్లా వైశాల్యం కేరళ రాష్ట్రాన్ని మించి ఉండేది. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ సుమారు 300 కిలోమీటర్లు. నడుమ కేశ్‌కాల్ కనుమలో పన్నెండు మలుపులు. దక్షిణానికి తిరిగితే సుక్మా, కుంట. అది దాటితే భద్రాచలం దారి. కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని చెబుతారు. మా కుటుంబం రాక అంత ఘనమైనది కాదు. కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం వేస్తున్న రోజుల్లో మా నాన్నగారు విజయనగరం ప్రాంతం నుంచి ఉద్యోగార్థం వచ్చి, జగదల్‌పూర్‌లో స్థిరపడ్డారు. నా ఉద్యోగం ఊళ్ళు తిరిగేది. 2006లో కొన్న ఆ బండి మీద దశాబ్దానికి పైగా తిరిగాను.

పదవీ విరమణ తరువాత అది నాలుగేళ్ళు పెరటి రేకుల కింద నిలిచిపోయింది. 2021లో రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్ళు నిండాయి. సొంత వాహనాలకు చట్టం ఇచ్చే తొలి గడువు అంతే. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. పాత ఇనుము కింద తూచి ఇవ్వడమా, బాగు చేయించడమా అన్న మీమాంసలో నేను రెండోదాన్నే ఎంచుకొన్నాను. మా పేటలోని మిస్త్రీ ఇంజనును ముక్కముక్కలుగా విప్పి, పాత గుడ్డ పరచి, ఒక్కొక్క భాగాన్ని వరుసగా పేర్చాడు. బోరు కొలిచి, కొత్త పిస్టను, రింగులు వేశాడు. వాల్వులు నూరాడు. టైమింగ్ చైను, క్లచ్ ప్లేట్లు, ముందు ఫోర్కు గొట్టాలు, వాటి ఆయిలు సీళ్ళు, బ్రేకు రబ్బర్లు, వెనక చైను, స్ప్రాకెట్లు మార్చాడు. కొన్ని భాగాలు రాయపూర్ నుంచి, కొన్ని విశాఖపట్నం నుంచి బస్సు పార్సెలులో వచ్చాయి. ఆరు వారాలు పట్టింది. చివరికి ఇంజను పలికినప్పుడు అతను స్క్రూడ్రైవరు మొనను సిలిండరు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్ళు మూసుకొని విన్నాడు. వైద్యుడు గుండె చప్పుడు వినడానికీ అతను వినడానికీ నాకు భేదం కనిపించలేదు.

ఇంత జరిగినా బండి రూపం మారలేదు. కవచానికి ఎడమ పక్క జానెడు పగులు. టాంకు మీద సొట్ట. ఎండకు వెలిసిన ఎరుపు రంగు, సగం ఊడిన అక్షరాలు, సైలెన్సరు మీద తుప్పు మచ్చలు, పసుపుబారిన అద్దం. “పైన పటారం, లోన లొటారం” అన్న నానుడిని తిరగేసి చదివితే మా బండి అవుతుంది.

మోకాళ్ళు ఇక సహకరించవని తేలిన తరువాత, అమ్మకానికి ఒక పాత బండ్ల వ్యాపారిని పిలిచాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పగులును వేలితో తడిమి చూశాడు. తాళం తిప్పలేదు, ఇంజను చప్పుడు వినలేదు. 25,000 ఇస్తానన్నాడు. నా మొహం చూచి కాబోలు, ఒక సలహా కూడా ఇచ్చాడు. ఆరేడు వేలు పెట్టి పగులు పూడ్పించి, రంగు కొట్టించి, కొత్త స్టిక్కర్లు అంటిస్తే తానే 40,000కు తీసుకొంటాడట. ఇంజను మరమ్మతుకు అయిన 22,000 సంగతి చెప్పాను. “అది ఎవరికి కనిపిస్తుంది సార్?” అన్నాడు.

ఆయనను నేను తప్పుపట్టలేదు. తన దగ్గరికి వచ్చే కొనుగోలుదారు కళ్ళతోనే ఆయన నా బండిని చూశాడు. కాని ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. మిస్త్రీ దగ్గర పని నేర్చుకొంటున్న మేనల్లుడు ఒకడు ఉన్నాడు. చేయి చురుకైనవాడు. నూనె మసిలో మునిగి నెల రోజులు పనిచేస్తే వచ్చే డబ్బు, రంగుల దుకాణంలో పది రోజుల్లో వస్తుందని మామతో తరచు వాదిస్తుంటాడు. వాడి లెక్క తప్పు కాదు. వెల దేనికి కడితే పనితనం అటు నడుస్తుంది. కనిపించని పనికి ధర సున్నా అయినప్పుడు, ఆ పని తెలిసిన చేతులు ఒక తరంలోనే అంతరించిపోతాయి.

రంగు వేయించడంలో తప్పేమిటని మా అబ్బాయి అడిగాడు. ఇల్లు అమ్మేవాడు సున్నం వేయించుకోడా అన్నాడు. వెలిసిన రంగు మీద కొత్త రంగు అలంకారమే. దానికి నాకు అభ్యంతరం లేదు. పగులు సంగతి వేరు. మన చట్టం కూడా ఈ భేదాన్ని పాటించింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, కొన్ని మినహాయింపులతో, సరుకు మంచిచెడ్డలు చూచుకొనే భారాన్ని కొనేవాడి మీదనే ఉంచింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదిహేడవ సెక్షను ప్రకారం అమ్మేవాడు ఊరకే మౌనం వహిస్తే అది సాధారణంగా మోసం కాదు. తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపెడితే మాత్రం మోసమే. పగులును పూడ్చి, దాని మీద రంగు పూసి, నోరు మూసుకొని కూర్చోవడం ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో న్యాయవాదులు వాదించుకోవచ్చు. నా ముంగిట్లో నిలబడి చూస్తే నాకు అందులో సందేహం కనిపించలేదు.

ఇక్కడి సంతల్లో ఇప్పచెట్టు పువ్వును నేల మీద కుప్ప పోసి అమ్ముతారు. కొనేవాడు గుప్పెడు తీసి, నలిపి, వాసన చూచి మరీ బేరమాడతాడు. కొండగావ్‌లో గఢ్వా శిల్పులు చేసే ఇత్తడి బొమ్మల సంగతీ నాకు గుర్తుకు వచ్చింది. ముందు మట్టితో లోపలి రూపం చేస్తారు. దాని మీద తేనెమైనపు తీగలు చుట్టి, మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిన ఖాళీలో లోహం పోస్తారు. పై అచ్చును పగలగొడితే గాని బొమ్మ బయటికి రాదు. బొమ్మ తీరు నిర్ణయించేది కొనేవాడు ఎన్నడూ చూడని ఆ లోపలి మట్టి. ఉపరితలం మీద మిగిలిన గరుకును ఎవరూ దోషమనరు.

మూడు వారాల తరువాత సుక్మా జిల్లాలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే యువకుడు వచ్చాడు. తల్లిది భద్రాచలం వైపు కావడంతో తెలుగు ధారాళంగా మాట్లాడాడు. వచ్చీ రాగానే అతను చేసిన పని నన్ను ఆకట్టుకొంది. ఇంజను మీద అరచేయి పెట్టి చూశాడు. అమ్మేవాడు ముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే, చల్లని ఇంజనులోని జబ్బులు బయటపడవు. అది చల్లగా ఉందని నిశ్చయించుకొన్న తరువాతనే తాళం అడిగాడు. ఆ తరువాత కవచం పగులు దగ్గర కూర్చున్నాడు.

“ఎక్కడ పడింది సారూ? ఫోర్కు వంగిందా?”

2011లో కేశ్‌కాల్ మలుపులో పడిందనీ, అప్పుడు ఒక గొట్టం వంగితే సరిచేయించాననీ, ఇప్పుడు రెండూ కొత్తవి వేయించాననీ చెప్పి, మిస్త్రీ దాచి ఇచ్చిన పాత గొట్టాన్ని చూపించాను. అడగవలసిన ప్రశ్నను అతని చేత అడిగించింది ఆ పగులే. రంగు కింద అది దాగి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

“అర్ధరాత్రి ఎవరికో కాన్పు కష్టమైందంటే పోవాలి సారూ. దోవలో ఇరవై ముప్పై కిలోమీటర్లు ఒక్క దుకాణం ఉండదు. మధ్యలో ఆగిపోదు గదా?”

అతనికి కనిపించని లోపం ఒకటి ఉంది. బ్యాటరీకి విద్యుత్తు అందించే కాయిలు కొత్తది దొరక్క, పాతదానికే రాగితీగ మళ్ళీ చుట్టించాం. ఏడాదిగా బాగా పనిచేస్తోంది. అయినా కంపెనీ కాయిలంత కాలం మన్నుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆ మాటే చెప్పాను. అతను కొంతసేపు ఆలోచించి, నేను అడిగిన 34,000లో రెండు వేలు తగ్గించమన్నాడు. సొట్టకు గాని, పగులుకు గాని, తుప్పుకు గాని ఒక్క రూపాయి తగ్గించమనలేదు. బేరం 32,000కు కుదిరింది. వ్యాపారి లెక్క ప్రకారం నేను నష్టపోయాను.

తాళం చేతికి ఇచ్చినంత మాత్రాన అమ్మినవాడి బాధ్యత తీరదు. 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు చేసి, యాజమాన్యం మారిన సంగతిని పద్నాలుగు రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. పుస్తకంలో పేరు మారకపోతే, బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగినప్పుడు చట్టం దృష్టిలో యజమాని పేరు నమోదై ఉన్నవాడేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నలుగురికీ తెలియవలసిన సంగతి ఇది. ఆ వారంలోనే మేమిద్దరం వెళ్ళి ఆ పని పూర్తి చేశాం.

తిరిగి వస్తూ మిస్త్రీ దుకాణం దగ్గర ఆగాను. ఎంతకు పోయిందని అతను అడగలేదు. “వచ్చినవాడు ఏం చూశాడు?” అని అడిగాడు. ముందు ఇంజను మీద చేయి పెట్టి, చల్లగా ఉందో లేదో చూశాడని చెప్పాను. మిస్త్రీ చేతిలోని పానా కింద పెట్టి, పక్కన కార్బొరేటరు కడుగుతున్న మేనల్లుడి వైపు తిరిగి, “విన్నావా?” అన్నాడు.