చెవిన పడితే రాయగలగాలి

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు ఈపాటికి అడిగే ఉంటారు. "ఏవండీ, మన కొట్టుకి వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నాం, ఏ పేరైతే బావుంటుందంటారు?" అని. అడిగేది ఆత్రేయపురం పూతరేకులవాళ్లు కావచ్చు, కడియపులంక నర్సరీవాళ్లు కావచ్చు, నరసాపురం లేసువాళ్లు కావచ్చు. గోదారి జిల్లాల్లో సలహాలకి కరువా! ఒకరు తాతగారి పేరు పెట్టమంటారు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు పొట్టిగా, స్టైలుగా ఉండాలంటాడు. ఎవరి మాటా కొట్టిపారేయక్కర్లేదు. నన్నడిగితే మాత్రం ముందు ఫోను తియ్యమంటాను.

అవునండి, ఫోనే. అనుకున్న పేరు కాకినాడ పిన్నిగారికి ఒక్కసారి చెప్పండి. స్పెల్లింగ్ చెప్పకూడదు సుమండీ. ఆవిడ విన్నది విన్నట్టు కొట్టి మీ సైటుకే వచ్చారా, పేరు నెగ్గినట్టే. మన సరుకు గురించి జనం చదివేదానికన్నా వినేదే ఎక్కువ. పెళ్లి భోజనాల దగ్గరో, బస్సులో పక్క సీట్లోనో ఎవరో చెబితే తెలుస్తుంది. అక్కడ స్పెల్లింగులు ఎవరు చెబుతారు?

పూతరేకులే తీసుకోండి. తెలుగులో ఒకటే రాత. ఇంగ్లీషు అక్షరాల్లోకి దించేసరికి మొదలవుతుంది తంటా. 'పూ'కి కొందరు పీ పక్కన యూ పెడతారు, కొందరు రెండు ఓలు పెడతారు. 'త'కి ఒకరు ఉత్త టీతో సరిపెడతారు, ఇంకొకరికి హెచ్ కూడా ఉండాల్సిందే. అప్పుడే నాలుగు రాతలు! చివర 'రేకు' అని ఆపేవాళ్లనీ 'రేకులు' అనేవాళ్లనీ కలుపుకుంటే ఎనిమిది. కాజా అయినా అంతే, కే పక్కన హెచ్ ఉందా లేదా? ఇక రాజమండ్రి సంగతి చెప్పక్కర్లేదు. దొరలు మధ్యలో ఓ హెచ్ దూర్చి వెళ్లారు, 2015లో సర్కారువారు రాజమహేంద్రవరం చేశారు, మన నోట్లో ఇప్పటికీ రాజమండ్రే.

ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అంటారా? ఒక్క 'ఎఫ్' కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారండి. పశ్చిమ గోదావరి రాజుగారు పెట్టిన సత్యం కంప్యూటర్స్ తెలుసుగా? అప్పట్లో దాని పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే. తన పేరులోని ముక్కలే కలిపి 'సిఫీ' అని పెట్టుకుని 1999లో డొమైన్లు తీసుకుంది. 2001లో ఇంకొకరు మరో 'ఎఫ్' చేర్చి 'సిఫ్ఫీనెట్' అని తీసుకున్నారు. ఇదేంటయ్యా అంటే, మా ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలండి అన్నారు. బెంగళూరు సివిల్ కోర్టు, కర్ణాటక హైకోర్టు అయ్యాక, 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది. డొమైన్ అంటే ఉత్త చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తు కూడా, ట్రేడ్‌మార్కుకి ఉన్న రక్షణ దానికీ దొరుకుతుందని తేల్చింది. పెద్ద కంపెనీ కాబట్టి అంతదూరం నడిచింది. కొట్టు కట్టేసి కోర్టుకెళ్లే ఓపిక మనకెక్కడిది? జనం తప్పుగా కొట్టే రెండు మూడు రాతలు కూడా మనమే తీసుకుని, అన్నీ ఒకే సైటుకి తిప్పేసుకుంటే గొడవే ఉండదు.

ఊరి పేరూ సరుకు పేరూ కలిపేస్తే పోలేదా అంటారు చాలామంది. ఆ పేరు మీ పక్క కొట్టుకీ అతుకుతుంది, అదే చిక్కు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. అది అక్కడి తయారీదారులందరిదీ, ఏ ఒక్కరి సొత్తూ కాదు. కాకినాడలో చూడండి, కాజాకి కోటయ్యగారి పేరు ఎలా అతుక్కుపోయిందో! మీకంటూ ఓ గుర్తు ముందు పెట్టి, ఊరినీ సరుకునీ దాని పక్కన నిలబెట్టండి. జిల్లా పేరు జోలికి మాత్రం పోకండి. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ఆత్రేయపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమలోకి వెళ్లిపోయింది.

తోకేం పెట్టాలంటారా? డాట్ కామ్ అందరి నోటా ఆడేది. డాట్ ఇన్ మన దేశానిది, ఎవరైనా మన పేరు కాజేస్తే నిక్సీ సంస్థకి ఫిర్యాదు చేసుకునే పద్ధతి 2005 నుంచీ ఉంది. రెండూ దొరికితే రెండూ తీసుకోండి. పూర్తిగా తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ కూడా ఉందండోయ్. దాంతో స్పెల్లింగ్ బాధ పోతుంది. కానీ డల్లాసులో ఉన్న మేనకోడలి ఫోనులో తెలుగు కీబోర్డు లేకపోతే ఆర్డరు రాదు. కాబట్టి తోడుగా ఉంచుకోండి, ఒక్కదాన్నే నమ్ముకోకండి.

అసలు మాట ఇంకోటుంది. డొమైన్ కొన్నాం అంటాం గానీ అది కౌలేనండి. ఒకేసారి పదేళ్లకి మించి ఇవ్వరు. గడువు దాటి వదిలేస్తే వేరేవాళ్లు పట్టుకుపోతారు. కౌలు కాయితం ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి. సైటు చేసిపెట్టే కుర్రాడు మంచివాడే, తన మెయిలుతోనే రిజిస్టర్ చేసేస్తాడు. రేపతను బెంగళూరు వెళ్లిపోతే, రెన్యువల్ కబురు అతని మెయిలుకే పోతుంది, మీ కొట్టు తెరుచుకోదు. పేరు, ఫోను నంబరు, మెయిలు అన్నీ మీవే ఉండాలి.

పిన్నిగారి పరీక్ష నెగ్గిన పేరు దొరికిందా? నలుగురితో అనకుండా ఈ పూటే కట్టేయండి. ముహూర్తం కోసం ఆగారా, ఎదుటి కొట్టాయనకి మంచిరోజు ముందొచ్చేస్తుంది.