పాలసీకి పళ్లు పట్టవు

అరవై దాటినవాళ్లు పళ్లు ఊడిన చోట ఇంప్లాంట్లు వేయించుకుంటే ఆరోగ్య బీమా ఎంత ఇస్తుంది? మన దగ్గర అమ్ముడయ్యే పాలసీల్లో ఎక్కువ వాటి జవాబు ఒక్కటే. ప్రమాదంలో దెబ్బ తగిలి, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చూద్దాం. వయసుతో వదులై ఊడిన పంటికి, చిగుళ్ల జబ్బుతో పోయిన పంటికి పైసా రాదు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. బీమా కంపెనీ లెక్కంతా ఆసుపత్రి మంచం చుట్టూ తిరుగుతుంది. ఇరవై నాలుగు గంటలు అడ్మిట్ కావాలి, లేదా కంటి శుక్లం ఆపరేషన్‌లాగా డేకేర్ కింద లెక్కకు రావాలి. పంటి డాక్టరు పనేమో కుర్చీలో మొదలై కుర్చీలోనే పూర్తవుతుంది. పైగా పళ్లు పోవడం నూటికి ఒకరికి వచ్చే ఆపద కాదు, వయసు మీద పడ్డవాళ్లలో చాలామందికి వచ్చేదే. అందరికీ వచ్చే ఖర్చుకు బీమా ఇమ్మంటే ప్రీమియం ఆ ఖర్చంతా అవుతుంది. ఇంతవరకు కంపెనీల వాదనలో న్యాయముంది.

విచిత్రం ఇంకోచోట ఉంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీల మినహాయింపులను ఒకే భాషలో, ఒక్కోదానికి కోడ్ ఇచ్చి రాసింది. అవి మొత్తం 18. కాస్మెటిక్ సర్జరీ ఉంది, స్థూలకాయం ఉంది, కళ్లద్దాల పవర్ తగ్గించే ఆపరేషన్ ఉంది. దంతవైద్యం లేదు. అంటే పళ్లను పక్కన పెట్టింది ఏ కంపెనీకి ఆ కంపెనీయే. అందుకే కోడ్‌లున్న జాబితా చదివి 'పళ్ల ఊసు లేదు, హమ్మయ్య' అనుకుంటే సరిపోదు. దాని తర్వాత కంపెనీ సొంతంగా రాసుకున్న మినహాయింపులు కూడా చదవాలి.

అదే ఐఆర్‌డీఏఐ 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నిటి చేతా అమ్మించిన ఆరోగ్య సంజీవని పాలసీలో, జబ్బు వల్ల గానీ గాయం వల్ల గానీ అవసరమైన దంత చికిత్స ఖర్చు ఇస్తామని ఉంది. సంతోషించే ముందు అది ఏ శీర్షిక కింద ఉందో చూడాలి. ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుల కింద. అందులోనూ 5 శాతం మనమే భరించాలి. దవడలో తిత్తి లేచి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తే అడగడానికి ఆధారం ఉంటుంది. క్లినిక్‌కు వెళ్లి ఇంప్లాంట్ స్క్రూ వేయించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే ఉండదు.

ఈ వ్యాసకర్త ఇల్లు విజయవాడలో. తండ్రికి 72, తల్లికి 67. తండ్రికి 5 లక్షల పాలసీ ఉంది. తల్లికి కీళ్లవాతం, పాలసీకి దరఖాస్తు పెట్టినప్పుడల్లా రిపోర్టులు తెప్పించుకుని, చూసి, కుదరదన్నారు. ఆమె పేరు మీద పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 15 లక్షలు ఉంది. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఆమె ఖాతాలో పడతాయి. బీమా దొరకని మనిషికి అదే బీమా.

ఆమెకు పైనా కిందా కట్టుడు పళ్ల సెట్టే. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింది దానికి ఆ ఆసరా లేదు. పక్కనే నాలుక కదులుతూ ఉంటుంది, పళ్లు లేని దవడ ఎముక ఏటికేడాది అరిగిపోతుంది. మాట్లాడితే లేచేది, నమిలితే జారేది. అన్నానికి కూర్చోగానే దాన్ని తీసి గ్లాసులో వేసి, చారన్నం మెత్తగా పిసుక్కుని మింగేవారు. ఆవకాయలో ముక్క పక్కకు నెట్టి ఊట కలుపుకునేవారు. ఇంప్లాంట్ల మాటెత్తితే, "ఈ వయసులో నాకెందుకురా, ఆ డబ్బు మీ నాన్న మందులకు ఉంచు" అనేవారు.

మొదట వెళ్లిన క్లినిక్‌లో నాలుగు స్క్రూల మీద కదలకుండా బిగించే పళ్లు, 3 లక్షలు అన్నారు. బీమా రాదని వాళ్లకూ తెలుసు కాబట్టి రిసెప్షన్‌లో ఈఎంఐ కాగితం సిద్ధంగా ఉంది. కానీ పళ్లన్నీ పోయిన కింది దవడకు అంత అక్కర్లేదు. 2002లోనే మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, అలాంటి దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టును మొదటి ఎంపికగా చూడాలని ప్రకటించారు. స్క్రూలకు టిచ్ బటన్లలాంటి అమరిక ఉంటుంది. సెట్టు టక్కున కూర్చుంటుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. అదే కావాలని అడిగితే ఇంకో డాక్టరు చెప్పిన ధర 1,05,000. స్క్రూలు దించడానికి 60 వేలు, అవి ఎముకలో పట్టుకున్నాక సెట్టుకు, బటన్లకు కలిపి 45 వేలు. మూడు లక్షల నుంచి లక్షకు దిగడం ఏ బీమా కంపెనీ ఇచ్చే రాయితీకన్నా పెద్దది.

ఈలోగా తండ్రి పాలసీ చూసే ఏజెంటు తల్లికోసం ఒక ఓపీడీ ప్లాన్ పట్టుకొచ్చాడు. "అమ్మగారికి మెడికల్ టెస్టులేం ఉండవు సార్, పంటికి కూడా వస్తుంది." ఏడాదికి 6 వేల ప్రీమియం, 10 వేల పరిమితి. కాగితం తిప్పి చూస్తే పన్ను పీకడం, క్లీనింగ్, రూట్ కెనాల్ ఉన్నాయి; ఇంప్లాంట్లు, కట్టుడు పళ్లు వర్తించవని ఉంది. నోట్లో ఒక్క పన్నూ లేని మనిషికి రూట్ కెనాల్ కవరేజీ! ఏజెంటే నవ్వేశాడు. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో సంబంధం లేకుండా 70 దాటినవాళ్లందరికీ విస్తరించింది గానీ, తల్లికి ఆ వయసు రాలేదు. వచ్చినా ఔట్ పేషెంట్ ఖర్చులు ఆ పథకంలో లేవు.

అమెరికాలో పిల్లల దగ్గరున్న అమ్మానాన్నల పరిస్థితి ఇంతకంటే మెరుగనుకోవడం పొరపాటు. 1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన, పెద్దలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టంలోనే పళ్ల వైద్యాన్ని, పళ్లు కట్టడాన్ని మినహాయించారు. తమాషా ఏమిటంటే, స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు టైటానియం స్క్రూను తొలిసారి ఒక మనిషి దవడలో దించిందీ ఆ ఏడాదే. చట్టం రాసేనాటికి ఇలాంటి ఇంప్లాంట్ ఇంకా వాడుకలో లేదు; మినహాయింపు మాత్రం ఇప్పటికీ నిలిచే ఉంది. గ్రీన్‌కార్డు మీద వెళ్లిన పెద్దలు ఐదేళ్లు వరుసగా ఉన్నాక ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరినా కథ అదే. విడిగా కొనే డెంటల్ ప్లాన్లకు సాధారణంగా ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల పరిమితి. అక్కడ ఒక్క ఇంప్లాంటే అంతకు మించుతుంది. అందుకే చాలామంది ఇండియా ప్రయాణంలో ఈ పని పెట్టుకుంటారు. కాకపోతే స్క్రూ ఎముకలో పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు కావాలి. మూడు వారాల టికెట్‌తో వస్తే సగం పనే అవుతుంది.

ఆ నెలల ఎడమే వ్యాసకర్తకు ఆదాయపన్ను లెక్కలో కలిసొచ్చింది. ఆరోగ్య బీమా లేని సీనియర్ సిటిజన్ వైద్యానికి చేసిన ఖర్చును ఆదాయపన్ను 80డి కింద చూపవచ్చని 2018 ఫైనాన్స్ చట్టం అవకాశమిచ్చింది. అంతకుముందు అది 80 దాటినవాళ్లకే ఉండేది. తల్లిదండ్రులిద్దరికీ కలిపి, ప్రీమియంతో సహా 50 వేలు పరిమితి. పాత పన్ను విధానంలో ఉండాలి, నగదుగా కట్టకూడదు. ఇంకో మెలిక, ఎవరు కడితే మినహాయింపు వాళ్లకే. తల్లి తన వడ్డీ డబ్బుతో కడితే ఆమెకు ఒరిగేదేమీ లేదు, ఆమెకు పన్నే పడదు. అందుకని గృహరుణం వల్ల పాత విధానంలోనే ఉన్న వ్యాసకర్త తన ఖాతా నుంచి యూపీఐలో కట్టాడు. తల్లి వడ్డీ రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లింది.

స్క్రూలు 2025 మార్చి ముగియకముందే, సెట్టు జులైలో. రెండు బిల్లులు రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడ్డాయి. మొదటి ఏడాది తండ్రి ప్రీమియం 32 వేలు పోగా 18 వేలకు చోటు మిగిలింది. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేయడంతో నవంబరు రెన్యువల్ 27 వేలకు దిగింది. రెండో ఏడాది 23 వేలకు చోటు. మొత్తం 41 వేలు. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి మిగిలేది 8,528 రూపాయలు. లక్ష ఖర్చులో ఇది ఏ మూలకని కొందరికి అనిపించొచ్చు. బీమా నుంచి వచ్చిన సున్నాతో పోల్చుకుంటే తక్కువేం కాదు.

ఒక్క ప్రశ్న మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. ఎముకలు గుల్లబారకుండా ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనేట్ ఇంజక్షన్ వేయించుకున్నారా అని డాక్టరు అడగాలి, అడగకపోతే మనమే చెప్పాలి. ఆ మందు పడ్డవాళ్లలో కొందరికి దవడ ఎముక మానకపోవచ్చు. కీళ్లవాతానికి వాడే స్టెరాయిడ్లు, షుగరు సంగతీ అంతే. స్క్రూ పట్టుకోకపోతే మళ్లీ వేయడానికి డబ్బు తీసుకుంటారా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. ఇంప్లాంట్ డబ్బా మీది కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఇమ్మంటే ఇస్తారు. ఎప్పుడైనా బటన్ పాడైతే ఏ డాక్టరైనా దాన్ని చూసే సరైన విడిభాగం తెప్పిస్తాడు.

తండ్రికి పళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆయన పాలసీలో ప్రమాదం నిబంధన ఉంది కాబట్టి, ఎప్పుడైనా జారిపడి పన్ను విరిగితే ముందు ఆసుపత్రికి వెళ్లి దెబ్బ సంగతి కేస్ షీట్‌లో రాయించాలని ఇంట్లో అనుకున్నారు. తల్లి బటన్లలో నైలాన్ రింగులు అరిగినప్పుడల్లా మార్చాలి, ఏడాదికోసారి చిగుళ్లు చూపించాలి. నవంబరు ప్రీమియంలో తగ్గిన 5 వేలు ఆ పద్దుకు రాశారు.